హిమాలయ హిమం – పెనుకొండ కరవు: హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ పరిశోధనా ప్రభావంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫోర్డ్ (1834–1893) భూగర్భ శాస్త్రవేత్తగా ప్రాచీన హిమయుగపు ఆనవాళ్లను, వాతావరణ శాస్త్రవేత్తగా హిమాలయాల మంచుకూ భారతదేశపు అనావృష్టికీ గల సంబంధాన్ని పరిశోధించారు. రెండు పరిశోధనలూ తరువాతి శాస్త్రాన్ని ప్రభావితం చేశాయి. అయితే ఆ ప్రభావాలు రెండూ ఒకే స్వభావం కలవి కావు. మొదటిది క్షేత్రంలో పరీక్షకు నిలిచి, సవరణలు పొంది విస్తరించింది. రెండవది ఉల్లేఖనల ద్వారా విస్తరిస్తూ తన తొలి హద్దులను కోల్పోయింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల వర్షపాత స్వభావాన్ని గీటురాయిగా తీసుకొని ఈ భేదాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హిమానీనదం, హిమావరణం, రుతుపవనం, ధాత కరవు, ఉల్లేఖన, పెన్న, చిత్రావతి.

1. ఉపోద్ఘాతం:

పెన్న, చిత్రావతి నదులకు హిమానీనదాలతో సంబంధం లేదు. రెండూ నంది కొండల ప్రాంతంలో పుట్టి వాన నీటితోనే పారే నదులు. పెన్న హిందూపురం ప్రాంతంలో ఆంధ్రదేశంలో ప్రవేశిస్తుంది. చిత్రావతి పుట్టపర్తి, బుక్కపట్నం మీదుగా ధర్మవరం వైపు సాగుతుంది. వాన లేని ఏట ఈ రెండు నదుల్లోనూ ఇసుకే మిగులుతుంది. అలాంటి నేలలో నిలబడి మంచును పరిశోధించిన శాస్త్రవేత్తను గురించి వ్రాయడం మొదట వింతగానే తోచవచ్చు.

కాని ఈ ప్రాంతానికీ హిమాలయాల మంచుకూ ఒక పరోక్ష సంబంధాన్ని ఆపాదించిన శాస్త్ర సంప్రదాయం 140 ఏళ్లుగా ఉంది. దానికి మూలపురుషుడు బ్లాన్‌ఫోర్డ్. శీతకాలంలో హిమాలయాల మీద మంచు ఎక్కువగా కురిస్తే తరువాతి వానకాలం బలహీనపడుతుందన్న ప్రతిపాదన ఆయన పేరుతోనే ప్రచారంలో ఉంది. రుతుపవనాల చరిత్రను వ్రాసేవారు తొలి అధ్యాయంలో ఆయనను తలచుకోవడం ఆనవాయితీ అయింది. ఆయన నిజంగా ఏమన్నారు, ఎంత మేరకు అన్నారు, తరువాతివారు దానిని ఎంత మేరకు సాగదీశారు అన్న ప్రశ్నలను మాత్రం విడివిడిగా విచారించవలసి ఉంది. ఒక పరిశోధకుని ప్రభావాన్ని ఉల్లేఖనల సంఖ్యతో కొలవడం నేడు పరిపాటి. ఆ కొలమానం ఏమి చూపగలదో, దేనిని దాచగలదో బ్లాన్‌ఫోర్డ్ ఉదాహరణతో తెలుసుకోవచ్చు.

2. పరిశోధనా జీవితం – రెండు మంచులు:

బ్లాన్‌ఫోర్డ్ లండన్‌లో జన్మించారు. గనుల విద్యను అభ్యసించి 1855లో అన్న విలియం థామస్ బ్లాన్‌ఫోర్డ్‌తో కలిసి భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరారు. ఒడిశాలోని తాల్చేర్ బొగ్గు క్షేత్రం వారి తొలి పరిశోధనా క్షేత్రం. అనంతరం తిరుచిరాపల్లి ప్రాంతపు శిలలను పరిశీలించారు. 1862లో ఆ ఉద్యోగాన్ని వదిలి కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులయ్యారు. 1864లో కలకత్తాను ధ్వంసం చేసిన తుపానుపై గాస్ట్రెల్‌తో కలిసి నివేదిక వ్రాశారు. క్రమంగా ఆయన దృష్టి శిలలనుంచి గాలుల వైపు మళ్లింది. 1867లో బెంగాలు ప్రభుత్వానికీ, 1875లో యావద్దేశానికీ వాతావరణ నివేదకులుగా నియమితులయ్యారు. భారత వాతావరణ శాఖ చరిత్ర ఆ 1875తోనే మొదలవుతుంది. 1880లో ఆయన రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

ఈ జీవితంలో మంచు రెండుసార్లు ఎదురవుతుంది. తాల్చేర్‌లోని మంచు సుమారు 30 కోట్ల సంవత్సరాల నాటిది. అది ఏనాడో కరిగి, రాళ్లలో తన గుర్తులను మాత్రమే మిగిల్చింది. రెండవది నిన్నటి శీతకాలంలో హిమాలయాలపై కురిసి, వేసవిలో కరగబోయే మంచు. ఇక్కడ ఒక పరిభాషా వివేకం అవసరం. ఏడాదికేడాది కురిసి కరిగే మంచు పొర హిమావరణం. ఏళ్ల తరబడి పేరుకొని, గట్టిపడి, తన బరువుకే మెల్లగా జారే మంచు రాశి హిమానీనదం. రుతుపవనాల గురించి బ్లాన్‌ఫోర్డ్ చేసిన ప్రతిపాదన మొదటిదానికి చెందినది. తాల్చేర్ పరిశోధన మాత్రం రెండవదాని చరిత్రలో భాగమైంది. ఈ రెంటినీ కలిపివేసి హిమానీనదాలు కరిగితే రాయలసీమలో కరవు వస్తుందన్నట్లు వ్రాయడం శాస్త్రసమ్మతం కాదు.

3. తాల్చేర్ – సవరణతో పెరిగిన ప్రభావం:

తాల్చేర్‌లో బ్లాన్‌ఫోర్డ్ సోదరులు, సహోద్యోగి థియోబాల్డ్ ఎదుర్కొన్న సమస్య స్పష్టమైనది. మెత్తని ఒండ్రు వంటి పొరలో పెద్ద పెద్ద గుండ్రాళ్లు పొదిగి ఉన్నాయి. అంత బరువైన రాళ్లను మోయగల ప్రవాహం మెత్తని ఒండ్రును అక్కడ నిలవనీయదు. ఒండ్రు నిలిచేంత నెమ్మదైన నీరు ఆ రాళ్లను మోయలేదు. నీరు ఒక్కటే ఈ పని చేయలేదు గనుక మంచు రాళ్లను మోసి ఉండాలని వారు 1856లో ప్రతిపాదించారు. ఉష్ణమండల దేశంలో, సముద్రమట్టానికి చేరువలో మంచు ఉండేదనడం ఆనాటికి సాహసమే.

తరువాత జరిగినది గమనింపదగినది. 1875లో ఫెడెన్ పెన్‌గంగ లోయలోని ఇరాయి వద్ద మంచు ఒరిపిడికి నునుపెక్కి గీతలు పడిన శిలాతలాన్ని ప్రకటించారు. అదే ఏట హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ భారతదేశపు శిలాజ వృక్షాలను దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల వాటితో పోల్చి, ఈ భూభాగాలను కలిపిన ప్రాచీన ఖండం ఒకటి ఉండేదని వాదించారు. నేలమంచు అనుకొన్న చోట హిమానీనదాల పని ఉందని తరువాతి పరిశోధకులు తేల్చారు. సముద్రంలో మునిగిన ఖండం అన్న ఊహ స్థానంలో ఖండాల చలనం వచ్చింది. వెగెనర్ తన సిద్ధాంతానికి దక్షిణ ఖండాల ప్రాచీన హిమచిహ్నాలను బలమైన సాక్ష్యంగా వాడుకొన్నారు.

ఇక్కడ బ్లాన్‌ఫోర్డ్ మాట యథాతథంగా నిలవలేదు. అయినా దాని ప్రభావం గొప్పది. కారణం, ప్రతి తరమూ ఆ మాటను తిరిగి రాతి దగ్గరకు తీసుకొని వెళ్లి సరిచూసింది. ప్రతిపాదనకు ఒక చోటు ఉంది. ఆ చోటికి ఎవరైనా వెళ్లి చూడవచ్చు. ప్రభావం అనే మాటకు ఉత్తమార్థం ఇదే.

4. 1884 నాటి వ్యాసం – శీర్షికకూ నిర్ధారణకూ నడుమ:

1876–78 నాటి క్షామాన్ని ఈ సీమ ధాత కరవుగా స్మరించుకొంటుంది. 1876 ధాత నామ సంవత్సరం. ఆ ఏడు నైరుతి వానలు మొగం చాటేశాయి. ఆపై రావలసిన ఈశాన్య వానలూ రాలేదు. మద్రాసు రాజధానిలో బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పటికి బళ్లారి జిల్లాలోనివే. అనంతపురం జిల్లా 1882లో గాని ఏర్పడలేదు.

ఈ క్షామం తరువాతనే ప్రభుత్వం వానల ముందస్తు అంచనాల కోసం బ్లాన్‌ఫోర్డ్‌ను ఆశ్రయించింది. 1882 నుంచి ఆయన ప్రయోగాత్మకంగా అంచనాలు చేశారు. 1884లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో హిమాలయ హిమపాతానికీ, పొడిగాలులకూ, భారతదేశంలోని అనావృష్టి రుతువులకూ గల సంబంధాన్ని గురించిన వ్యాసం ప్రకటించారు. 1886 జూన్ 4న క్రమబద్ధమైన అంచనాల పరంపర ఆరంభమైంది.

వ్యాసంలోని వాదక్రమం ఇది. హిమాలయాలపై మంచు విస్తారంగా, దట్టంగా ఉన్నప్పుడు పొడిగాలులు ప్రబలుతాయి. అవి వీచిన మేర వానకాలం ఆలస్యమో, బలహీనమో అవుతుంది. ఆయన ప్రధాన నిర్ధారణ మంచు వాయవ్య భారత మైదానాల వాతావరణంపై దీర్ఘకాలం ప్రభావం చూపుతుందని. శీర్షికలో భారతదేశం ఉంది; నిర్ధారణలో వాయవ్య మైదానాలు ఉన్నాయి. ఈ రెంటి నడుమ ఉన్న దూరం చిన్నది కాదు. దానిలో దక్కన్ పీఠభూమి అంతా ఇముడుతుంది.

ఈ వ్యాసం పుట్టుకలోని వైపరీత్యం ఇక్కడే ఉంది. ప్రశ్నను అడిగింది ప్రధానంగా దక్షిణాది క్షామం. 1876లో రెండు రుతువుల వానలూ తప్పిన ప్రాంతం ఇది. జవాబు మాత్రం 1877లో వానలు తప్పిన వాయవ్య మైదానాల దిశగా వెళ్లింది. అందుకు బ్లాన్‌ఫోర్డ్‌ను తప్పుపట్టనక్కర లేదు. తనకు అందిన సాక్ష్యం ఎంతవరకు పోతుందో అంతవరకే ఆయన నిర్ధారణ పోయింది. మంచును క్రమపద్ధతిలో కొలిచే ఏర్పాటు లేని రోజుల్లో, కొండ ప్రాంతాలనుంచి అందిన వార్తలే ఆధారంగా ఉన్న రోజుల్లో ఆ నిగ్రహం గౌరవించదగినది. విమర్శకు గురికావలసింది ఆ నిగ్రహాన్ని పాటించని ఉల్లేఖన సంప్రదాయం.

5. ఉల్లేఖనల బాట:

బ్లాన్‌ఫోర్డ్ వారసుడు జాన్ ఎలియట్ మంచుతో పాటు ఇతర కారకాలనూ అంచనాలలో చేర్చారు. 1899లో అంచనా తప్పి దేశం మరో మహాక్షామాన్ని చూసింది. 1904 నుంచి 1924 వరకు శాఖాధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ వర్ణనలకు బదులు సహసంబంధాల గణితాన్ని ప్రవేశపెట్టారు. ఆయన సూత్రంలో హిమాలయాల మంచు అనేక కారకాలలో ఒకటి మాత్రమే. దక్షిణ అమెరికా, మారిషస్‌ల వాయుపీడనాలు దాని సరసన చేరాయి. వాకర్ లెక్కించినది విశాల భూభాగాల సగటు వర్షాన్ని. వాయవ్య మైదానాల గురించిన ఒక ప్రతిపాదన యావద్దేశపు సగటుకు కారకంగా మారడం ఈ దశలో గమనిస్తాం.

1976లో హాన్, శుక్లా ఉపగ్రహ చిత్రాల ఆధారంగా యురేసియా హిమావరణానికీ భారత వర్షపాతానికీ విలోమ సంబంధం కనిపిస్తున్నదని వ్రాశారు. వారి దత్తాంశం 1967 నుంచి 1975 వరకు, తొమ్మిదేళ్లది. తమ వ్యాసం శీర్షికలోనే ఆ సంబంధాన్ని పైకి కనిపిస్తున్నదిగా మాత్రమే పేర్కొన్నారు. ఉల్లేఖనలలో తరచుగా జారిపోయేది ఆ ఒక్క విశేషణమే. ఇక్కడ మరో మార్పు కూడ ఉంది. బ్లాన్‌ఫోర్డ్ చెప్పినది హిమాలయాల మంచు; వీరు చెప్పినది యురేసియా ఖండపు మంచు. 1999లో బంజాయ్, శుక్లా మరింత దీర్ఘకాలపు దత్తాంశంతో పరిశీలించినప్పుడు గణనీయమైన విలోమ సంబంధం పశ్చిమ యురేసియాకే పరిమితమైంది. అంటే బ్లాన్‌ఫోర్డ్‌ను సమర్థించినట్లు ఉల్లేఖింపబడే పరిశోధన ఆయన ఎత్తి చూపిన పర్వతాలను పక్కకు నెట్టింది. అయినా ఆయన నిరూపితుడయ్యాడనే వాక్యం కొనసాగుతూనే ఉంది.

ఈ పరంపరకు ఆచరణలో పరీక్ష 2002లో ఎదురైంది. 1988 నుంచి వాడుకలో ఉన్న పదహారు కారకాల నమూనాలో హిమాలయ హిమావరణం, యురేసియా హిమావరణం రెండూ ఉన్నాయి. ఆ ఏటి వాన సాధారణంగా ఉంటుందని అంచనా వెలువడింది. కురిసినది దీర్ఘకాలిక సగటుకంటె 19 శాతం తక్కువ. మరుసటి ఏడు వాతావరణ శాఖ తన నమూనాలను సవరించుకొంది. ఒక్క ఏటి వైఫల్యంతో మంచు ప్రతిపాదన కొట్టివేతకు గురికాదు. ఒక రుతువు అంతటినీ, ఒక దేశం అంతటినీ ఒకే అంకెలో ఇమిడ్చే పద్ధతి ఎంత పెళుసైనదో మాత్రం అది చూపింది.

6. మూడు పట్టణాల గీటురాయి:

ఇప్పుడు ఈ ప్రతిపాదనను పెనుకొండ వద్దకు తీసుకొని రావాలి. తాల్చేర్ ప్రతిపాదనను తరువాతివారు రాయి దగ్గరకు తీసుకొని వెళ్లినట్లే దీనిని వాన పడే నేల దగ్గరకు తీసుకొని రావడం న్యాయం.

ఉమ్మడి అనంతపురం జిల్లా వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు అరేబియా సముద్రపు తేమను ముందే తీసుకొనడంతో ఈ ప్రాంతం వర్షచ్ఛాయలో పడింది. తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్య రుతుపవనమూ ఇక్కడికి బలహీనపడి వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసేది ఏటి వానలో దాదాపు మూడు వంతులే, అయిదు వంతులుగా లెక్కిస్తే. అందులోనూ అత్యధిక వర్షం సెప్టెంబరులో పడుతుంది. అక్టోబరు వాన కూడ కీలకమే. అఖిల భారత సగటును శాసించే జూలై, ఆగస్టు మాసాలు ఇక్కడ తరచు ఎడతెగని గాలులతో, చిరుజల్లులతో గడిచిపోతాయి.

కనుక అఖిల భారత అంచనా నిజమైన ఏడు కూడ ధర్మవరంలో పంట ఎండవచ్చు. అది తప్పిన ఏడు హిందూపురంలో చెరువు నిండవచ్చు. రైతు కాలాన్ని కొలిచేది కార్తెలతో. ఏడాదికి 27 కార్తెలు. ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు. వేరుశనగ విత్తడానికి ఒక కార్తెలో పదును కావాలి. ఊడలు దిగేవేళ, కాయ ఊరేవేళ మరో కార్తెలో తడి కావాలి. నాలుగు నెలల మొత్తం సరిపోయినా ఈ నడుమ ఒక్క కార్తె బోసిపోతే పంట దక్కదు. హిమావరణం నుంచి నాలుగు నెలల దేశీయ సగటుకు వచ్చిన శాస్త్రానికీ, పదమూడు రోజుల స్థానిక అవసరానికీ నడుమ ఉన్న ఖాళీయే ఇక్కడి అసలు సమస్య.

హిమాలయాల ఆవల నేలకూ ఈ పట్టణాలకూ సంబంధమే లేదని దీని భావం కాదు. తెలుగువారైన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో ప్రకటించిన వ్యాసంలో వేసవిలో ద్వీపకల్పం మీదుగా ఎగువ ఆకాశంలో వీచే తూర్పు జెట్ ప్రవాహాన్ని వివరించి, దానిని టిబెట్ పీఠభూమి వేడెక్కడంతో ముడిపెట్టారు. భారతదేశంపై ఆ ప్రవాహపు అక్షం ఇంచుమించు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశ పరిసరాలలో ఉంటుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 13.8 నుంచి 14.4 డిగ్రీల మధ్యన ఉన్నాయి. అంటే టిబెట్ వేడికి పుట్టిన గాలి దాదాపు ఈ ఊళ్ల నెత్తిమీదుగానే, పదునాలుగు పదిహేను కిలోమీటర్ల ఎత్తున పోతుంది. కింద మాత్రం నేల తడవకపోవచ్చు. సంబంధం ఉండడం వేరు. ఆ సంబంధం ఫలానా చోట, ఫలానా పక్షంలో వానగా దిగుతుందని చెప్పగలగడం వేరు. కోటేశ్వరం పరిశోధన విలువ ఈ భేదాన్ని ఆలోచింపజేయడంలో ఉంది. బ్లాన్‌ఫోర్డ్ మంచు నుంచి వానకు ఒక్క అంగలో చేరినట్లు ఉల్లేఖనలు చెబుతాయి. గాలి ఏ ఎత్తున, ఏ దారిని, ఏ నెలలో పోతుందన్న నడుమ మెట్లను కోటేశ్వరం వంటివారు నిర్మించారు.

7. ఒక ఆక్షేపణ – సమాధానం:

ఒక ప్రాంతానికి పనికిరాలేదన్న కారణంతో ఒక మౌలిక ప్రతిపాదనను తక్కువ చేయవచ్చునా అని ఆక్షేపణ రావచ్చు. అది సహేతుకమైనదే. ఒక చోటి అనావృష్టికి కారణం అక్కడి ఆకాశంలో కాక వేల మైళ్ల అవతల ఉండవచ్చునన్న ఊహ బ్లాన్‌ఫోర్డ్ ఇచ్చిన మహత్తర దానం. వాకర్ దక్షిణ డోలనమూ, నేటి ఎల్ నినో పరిశోధనలూ ఆ ఊహకు ఉత్తరాధికారులే. దేశమంతటా ఒకే పద్ధతిలో వానను కొలిచే కేంద్రాల వ్యవస్థ బలపడడంలోనూ ఆయన పాత్ర ఉంది. 1886లో ఆయన వెలువరించిన భారత వర్షపాత గ్రంథం వంటి శ్రమ లేకపోతే పెనుకొండ వాన సగటు ఎంతో చెప్పే ఆధారమే నేడు ఇంత పటిష్ఠంగా ఉండేది కాదు. అంటే ఆయన ప్రతిపాదనను పరీక్షించే సాధనాన్ని కూడ కొంతవరకు ఆయనే ఇచ్చారు.

కాని ఈ గౌరవమే ఆయన హద్దులను చెరపడానికి సాకు కారాదు. ఒక పరిశోధకుని పూజించి అతని షరతులను విస్మరించడం అతనికి చేసే అన్యాయం. షరతులు పోయిన ప్రతిపాదన పరీక్షకు దొరకదు. పరీక్షకు దొరకనిది సామెత అవుతుందే గాని శాస్త్రం కాదు. సామెతనైనా జనం తమ నేలమీద వాడి చూసుకొంటారు. పేరుమోసిన ఉల్లేఖనను ఆ పాటి పరీక్ష కూడ లేకుండా స్వీకరించడం విద్యారంగంలో తరచుగా కనిపించే లోపం.

8. ముగింపు:

హద్దులు చెప్పడం ఈ సీమకు కొత్త కాదు. 1388 నాటి ఒక శాసనం ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండగా ప్రజల నీటి ఎద్దడి తీర్చడానికి హెన్నె నది నీటిని తేవలసిందిగా జలసూత్రం ఎరిగిన సింగాయభట్టును ఆజ్ఞాపించినట్లు, ఆయన సిరువేర చెరువుకు కాలువ తెచ్చినట్లు చెబుతుంది. హెన్నె అంటే పెన్న. ఏ నది, ఏ చెరువు, ఎవరి ఆజ్ఞ, ఎవరి పని అన్నవన్నీ ఆ శాసనంలో ఉన్నాయి. రాజప్రశస్తి మధ్య కూడ నీటి లెక్క తన చోటును పోగొట్టుకోలేదు.

బ్లాన్‌ఫోర్డ్ పరిశోధనా జీవితం మనకు రెండు రకాల ప్రభావాలను చూపుతుంది. తాల్చేర్ గుండ్రాళ్ల మీద ఆయన మాట సవరణలు పొంది బతికింది. హిమాలయాల మంచు మీద ఆయన మాట సవరణలు పొందుతున్నా సవరించనట్లే ఉల్లేఖింపబడుతూ బతుకుతోంది. మొదటి రకం ప్రభావాన్ని ఎక్కువ చేయడం, రెండవ రకాన్ని గుర్తించి నిలదీయడం పరిశోధకుల బాధ్యత.

ఆచరణలో దీనికి పెద్ద సాధనాలు అక్కరలేదు. రుతుపవనాలపై ఏ పూర్వ నిర్ధారణను ఉల్లేఖించినా అది ఏ ప్రాంతానిది, ఏ మాసాలది, ఎన్నేళ్ల దత్తాంశానిది అన్న మూడు వివరాలను దాని పక్కనే వ్రాయడం చాలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మండలాల వర్షపాత నమోదులను దేశీయ సగటుతో కాక కార్తెలవారీగా విడదీసి పరిశీలించే పని ఈ ప్రాంత కళాశాలల్లోని భూగోళ, గణాంక శాఖల పరిశోధకులకు అందుబాటులో ఉన్నదే. ధాత కరవు అడిగిన ప్రశ్నకు ఈ నేల నుంచి జవాబు చెప్పే ప్రయత్నం అక్కడ మొదలుకావాలి.